ల్యాప్‌టాప్ స్క్రీన్ నల్లబడిందా? షాపుకి వెళ్లే ముందు ఇంట్లో టీవీకి పెట్టి చూడండి

ల్యాప్‌టాప్ ఆన్ చేస్తే లైటు వెలుగుతుంది, ఫ్యాను తిరుగుతుంది, స్క్రీన్ మాత్రం నల్లగానే ఉంటుంది. అప్పుడు మనలో చాలామంది చేసేది ఒకటే. సంచిలో పెట్టుకుని, బండి తీసి, టౌన్‌లో ఏదో ఒక రిపేరు షాపులో ఇచ్చేయడం. వాళ్లు రెండు నిమిషాలు చూసి స్క్రీన్ పోయింది, మార్చాలి అంటారు, మనం సరే అంటాం. ఆగండి. ఇంట్లో టీవీ ఉంది కదా, ఒక హెచ్‌డీఎంఐ వైరు ఉంటే పది నిమిషాల్లో తప్పు ఏ వైపు ఉందో మీకే తెలిసిపోతుంది.

ఇది నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. కొన్నేళ్ల కింద శ్రీకాకుళంలో ఒక షాపులో నా ల్యాప్‌టాప్‌కి కొత్త స్క్రీన్ వేయించాను, నాలుగు వేలు దాటింది. మూడు వారాలకి మళ్లీ నలుపు. వేరేచోట నా ముందే విప్పించి చూస్తే, మడత దగ్గర, అదే హింజ్ దగ్గర, స్క్రీన్‌కి వెళ్లే కేబుల్ నలిగిపోయి ఉంది. పైన చుట్టిన నల్ల టేపు చిరిగి, లోపల వెంట్రుక కంటే కాస్త లావున్న తీగలు రెండు తెగి బయటికి పొడుచుకొచ్చాయి. పాత స్క్రీన్‌కి ఏమీ కాలేదు, దాన్ని అనవసరంగా తీయించేశాను. అప్పటి నుంచి చుట్టాల్లో ఎవరు ఫోన్ చేసినా ముందు టీవీకి పెట్టించి, ఆ తర్వాతే మిగతాది మాట్లాడుతున్నాను.

టీవీ దాకా వెళ్లే ముందు

మొదట ల్యాప్‌టాప్ ప్రాణంతో ఉందో లేదో చూడాలి. ఆన్ చేసి ఒక నిమిషం ఆగి క్యాప్స్ లాక్ నొక్కండి. నొక్కినప్పుడల్లా దాని చిన్న లైటు వెలుగుతూ ఆరుతూ ఉంటే లోపల కంప్యూటర్ పనిచేస్తోందనే అర్థం, తప్పు ఎక్కువగా బొమ్మ చూపించే వైపే. మీ కీబోర్డుకి ఆ లైటు లేకపోతే విండోస్ తెరుచుకున్న చప్పుడు వచ్చిందేమో వినండి, లేదా వాల్యూమ్ పెంచే తగ్గించే కీలు నొక్కి చూడండి. లైటు దానంతట అదే ఒక లెక్కలో మినుకుమంటున్నా, బీప్ బీప్ అని లెక్కగా మోగినా అది వేరే సంగతి. ల్యాప్‌టాప్ తన జబ్బు తనే చెబుతోంది. ఎన్నిసార్లు మినుకుమందో, ఎన్ని బీప్‌లు వచ్చాయో కాగితం మీద రాసుకోండి. ఆ అంకెను మీ కంపెనీ పేరుతో కలిపి వెతికితే తప్పు ర్యామ్ అనే మెమొరీ ముక్కదా, మదర్‌బోర్డుదా అన్నది తెలుస్తుంది.

తర్వాత వెలుతురు పెంచే కీ. చిన్న పిల్లలున్న ఇంట్లో బ్రైట్‌నెస్ మొత్తం తగ్గిపోయి ఉండడం నేను రెండుసార్లు చూశాను. ఆ కీ నాలుగైదుసార్లు నొక్కండి, రాకపోతే ఎఫ్‌ఎన్ (Fn) కీ పట్టుకుని నొక్కండి. దాంతోపాటు విండోస్ కీ, కంట్రోల్, షిఫ్ట్, బీ ఈ నాలుగూ ఒకేసారి నొక్కండి. ఒక చిన్న బీప్ వచ్చి గ్రాఫిక్స్ డ్రైవర్, అంటే తెర మీద బొమ్మను నడిపే సాఫ్ట్‌వేర్, మళ్లీ మొదలవుతుంది. నిద్రలోంచి లేపినప్పుడు నల్లబడే స్క్రీన్లు కొన్ని దీనికే లేచి కూర్చుంటాయి.

అదీ కాకపోతే పూర్తిగా ఆపేసి, ఛార్జర్ పీకేసి, బ్యాటరీ ఊడే రకమైతే అదీ తీసేసి, పవర్ బటన్ని ముప్పై సెకన్లు నొక్కి పట్టుకోండి. లోపల మిగిలిన కరెంటు పోతుంది. మళ్లీ ఛార్జర్ పెట్టి ఆన్ చేయండి. చూడ్డానికి చిన్న చిట్కాలా ఉంటుంది కానీ నిజంగా పనిచేస్తుంది, దీన్ని దాటేయొద్దు.

ఇక టార్చ్ పరీక్ష, నాకు బాగా నచ్చినది ఇదే. గదిలో లైట్లు ఆర్పేసి, ఫోన్ టార్చ్ వేసి స్క్రీన్ మీద ఏటవాలుగా, దగ్గరగా పట్టండి. నల్లటి తెర వెనక ఐకాన్లో, పాస్‌వర్డ్ అడిగే డబ్బానో లీలగా నీడలా కనబడితే బొమ్మ వస్తోంది, వెనక వెలగాల్సిన లైటే వెలగడం లేదు. బ్యాక్‌లైట్ అంటారు దాన్ని. ఏమీ కనబడకపోతే బొమ్మే రావట్లేదని లెక్క.

ఇంకొకటి, ఎవరూ పట్టించుకోరు. మూత మూసినట్టు తెలియడానికి చాలా ల్యాప్‌టాప్‌ల మూతలో చిన్న అయస్కాంతం, కింద దాన్ని పసిగట్టే సెన్సర్ ఉంటాయి. కీబోర్డు అంచున అయస్కాంతం ఉన్న ఫోన్ కవర్ పెట్టినా, అలాంటి బెల్టున్న వాచీ పెట్టుకుని టైప్ చేసినా మూత మూశారనుకుని స్క్రీన్ ఆరిపోవచ్చు. రిపేరుకి ఇచ్చే ముందు దగ్గర్లో అలాంటిదేమీ లేకుండా చూసుకోండి.

స్క్రీన్ మీద సిరా ఒలికినట్టు నల్ల మరక ఉండి, సాలెగూడులా గీతలు కనబడుతుంటే మాత్రం ఈ పరీక్షలేవీ అక్కర్లేదు, అది పగిలింది. నేరుగా షాపు సంగతికి వెళ్లిపోండి.

టీవీకి పెట్టడం

టీవీకి వచ్చే కేబుల్ టీవీ వైరునో, డిష్ వైరునో ముందు ఊడదీయండి. డిష్ బాక్స్‌ని టీవీకి కలిపే వైరు కూడా. డాబా మీంచి, స్తంభాల మీంచి వచ్చే ఆ వైర్ల గుండా పిడుగు పడ్డప్పుడు కరెంటు లోపలికి రాగలదు, టీవీని దాటి మీ ల్యాప్‌టాప్‌కీ చేరగలదు. మే నెలలో సాయంత్రం పూట మబ్బు పట్టి ఈదురుగాలి మొదలైతే ఈ పనే పెట్టుకోకండి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు పలాస, ఉద్దానం వైపు రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు కరెంటు తిరిగి వచ్చిన మొదటి అరగంట టీవీ, ల్యాప్‌టాప్ రెండూ ప్లగ్గుల్లోంచి తీసి ఉంచడమే మంచిది.

ఇప్పుడు ల్యాప్‌టాప్ పక్కన చూడండి. హెచ్‌డీఎంఐ రంధ్రం ఉంటే గొడవ లేదు. సన్నగా కోడిగుడ్డు ఆకారంలో ఉండే యూఎస్‌బీ-సి ఒక్కటే ఉంటే జాగ్రత్త, అన్ని సి పోర్టులూ బొమ్మను పంపవు, కొన్ని ఛార్జింగ్‌కీ ఫైళ్లకే. పోర్టు పక్కన డిస్‌ప్లేపోర్ట్ గుర్తో, మెరుపు ఆకారంలో థండర్‌బోల్ట్ గుర్తో ఉందేమో చూడండి, గుర్తు లేకపోతే మోడల్ నంబరుతో కంపెనీ వివరాల పేజీలో చూసుకోండి. కాలేజీలోనో మీసేవ కేంద్రంలోనో మూలపడ్డ పాత మానిటర్ దొరికితే దానికి నీలం రంగు వీజీఏ ప్లగ్గు ఉంటుంది. అప్పుడు హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే కన్వర్టర్ కావాలి. వీజీఏ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చేది వేరే వస్తువు, చూడ్డానికి ఒకేలా ఉంటాయి కానీ ఒకదాని బదులు ఇంకోటి పనిచేయదు. కొనేటప్పుడు ల్యాప్‌టాప్ వైపు హెచ్‌డీఎంఐ, మానిటర్ వైపు వీజీఏ అని నోటితో చెప్పి తీసుకోండి.

ల్యాప్‌టాప్ ఆపేసి ఉండగానే వైరు రెండు వైపులా గట్టిగా గుచ్చండి. ముందు టీవీ ఆన్ చేసి, రిమోట్‌లో సోర్స్ లేదా ఇన్‌పుట్ నొక్కి, మీరు ఏ రంధ్రంలో పెట్టారో అదే హెచ్‌డీఎంఐ నంబరు ఎంచుకోండి. ఇప్పుడు ల్యాప్‌టాప్ ఆన్ చేయండి. రెండు నిమిషాలు ఓపిక పట్టండి, చాలాసార్లు ఇంకేమీ నొక్కకుండానే బొమ్మ వచ్చేస్తుంది.

రాకపోతే చూడకుండానే లాగిన్ అవ్వాలి. ఎంటర్ ఒకసారి, రెండు సెకన్లు ఆగి పిన్ లేదా పాస్‌వర్డ్, మళ్లీ ఎంటర్. అర నిమిషం ఆగండి. విండోస్ కీ పట్టుకుని పీ నొక్కి వదలండి, కింది బాణం ఒకసారి, ఎంటర్. అయిదారు సెకన్లు టీవీ వైపు చూడండి. రాకపోతే మళ్లీ విండోస్ కీతో పీ, కింది బాణం, ఎంటర్. అక్కడ నాలుగు దారులుంటాయి: ల్యాప్‌టాప్ స్క్రీన్ ఒక్కటే, రెంటిలో ఒకే బొమ్మ, రెంటినీ కలిపి పొడిగించడం, రెండో స్క్రీన్ ఒక్కటే. నాలుగుసార్లు తిప్పేలోపు ఎక్కడో ఒకచోట టీవీ పలకాలి.

మా మేనకోడలు ఎచ్చెర్లలో బీటెక్ చదువుతోంది. ఒక శనివారం రాత్రి ఇంటికొచ్చి ఫోన్ చేసింది. "మావయ్యా, స్క్రీన్ రావట్లేదు, సోమవారం ప్రాజెక్టు రివ్యూ, ఫైళ్లన్నీ ఇందులోనే ఉన్నాయి" అంది, గొంతులో ఏడుపు ఒక్కటే తక్కువ. పైన చెప్పినవన్నీ ఫోన్లోనే చేయించాను. "టీవీలో నీలం రంగు వాల్‌పేపర్ ఒక్కటే వచ్చింది మావయ్యా, ఐకాన్లు లేవు, ఏదీ లేదు, కంప్యూటర్ కూడా పోయిందా?" అని అడిగింది. పోలేదు. ఇక్కడే చాలామంది భయపడి వైరు పీకేస్తారు. ఖాళీ వాల్‌పేపర్ అంటే పొడిగించిన పద్ధతిలో ఉందని అర్థం. ఐకాన్లు, తెరిచిన ఫైళ్లు చీకటిగా ఉన్న స్క్రీన్ మీదే ఉండిపోయాయి, టీవీ వాటి పక్కన ఖాళీ వరండాలా ఉంది. విండోస్ కీతో పీ నొక్కి, కింది బాణం, ఎంటర్ కొట్టమన్నాను, రెండో స్క్రీన్ ఒక్కటే అన్నదానికి వెళ్లగానే అన్నీ టీవీ మీదికి వచ్చాయి. ఏదైనా యాప్ విండో ఒక్కటే అవతల చిక్కుకుంటే విండోస్ కీ, షిఫ్ట్ పట్టుకుని కుడి లేదా ఎడమ బాణం నొక్కితే ఇటు వచ్చేస్తుంది.

టీవీలో బొమ్మ రాగానే మీరు చేయాల్సిన మొదటి పని రిపేరు కాదు. ముఖ్యమైన ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లోకో ఫోన్‌లోకో తీసుకోండి. ఆ తర్వాత తీరిగ్గా మిగతాది చూసుకోవచ్చు.

టీవీ ఏం చెప్పిందో చదవడం

టీవీలో బొమ్మ శుభ్రంగా ఉంది, ల్యాప్‌టాప్ స్క్రీన్ నల్లగా ఉంది, లేదా దాని మీద గీతలున్నాయి. అయితే బోర్డు, గ్రాఫిక్స్, ర్యామ్, విండోస్ దాదాపు అన్నీ బాగున్నట్టే, తప్పు మూత వైపు ఉంది. మూతలో ఉన్నవి ప్రధానంగా రెండే, స్క్రీన్ ప్యానెల్, దానికి వచ్చే కేబుల్. ఏదో తేల్చుకోవడానికి మూతను చాలా నెమ్మదిగా, ముందుకీ వెనక్కీ, అంగుళం అంగుళం కదపండి. ఒక కోణంలో బొమ్మ వచ్చి ఇంకో కోణంలో పోతుంటే అనుమానం కేబుల్ మీదే. మా మేనకోడలిది సగం మూసినప్పుడు వెలిగి, పూర్తిగా తెరవగానే ఆరిపోయేది. ఎంత కదిపినా తేడా లేకుండా అవే గీతలు అక్కడే నిలబడి ఉంటే ప్యానెల్ పోయే అవకాశం ఎక్కువ. డెల్ వాడేవాళ్లకి ఇంకో సౌకర్యం ఉంది. ఆపేసి ఉన్నప్పుడు డీ కీ పట్టుకుని పవర్ నొక్కితే తెర మీద తెలుపు, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులు వరసగా వస్తాయి. అవి మచ్చ లేకుండా వస్తే ప్యానెల్ బాగుంది.

రెండు గ్రాఫిక్స్ చిప్‌లున్న గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో ఒక మెలిక ఉంది. వాటిలో కొన్నింటికి హెచ్‌డీఎంఐ నేరుగా పెద్ద చిప్‌కి కలిపి ఉంటుంది, ల్యాప్‌టాప్ స్క్రీన్ చిన్న చిప్‌తో నడుస్తుంది. కాబట్టి వాటిలో టీవీ బాగా వచ్చినంత మాత్రాన బోర్డుకి ఏమీ లేదని గట్టిగా అనలేం.

రెంటిలోనూ అవే గీతలు, అవే చుక్కలు వస్తే స్క్రీన్ మార్చడానికి ఒప్పుకోవద్దు. తప్పు గ్రాఫిక్స్‌లోనో డ్రైవర్‌లోనో ఉంది. టీవీ లేకపోయినా దీన్ని తేల్చే ఉపాయం ఒకటుంది. గీతలు కనబడుతుండగా విండోస్ కీతో ప్రింట్ స్క్రీన్ నొక్కి ఫొటో తీసి, దాన్ని ఫోన్‌కి పంపి చూడండి. ఫోన్‌లో కూడా గీతలుంటే తప్పు లోపల తయారవుతోంది, ఫొటో శుభ్రంగా ఉంటే ప్యానెల్, కేబుల్ వైపు చూడండి. ఇంకా ఖాయం చేసుకోవాలంటే ఆన్ చేసేటప్పుడే బయోస్‌లోకి వెళ్లండి, కంపెనీని బట్టి ఎఫ్2, ఎఫ్10, డిలీట్ ఇలా ఏదో ఒక కీ. విండోస్ ఇంకా మొదలవ్వని ఆ పేజీలోనూ గీతలుంటే విండోస్ తప్పేమీ లేదు. అక్కడ శుభ్రంగా ఉండి విండోస్‌లోనే వస్తుంటే డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్ తెరిచి, డ్రైవర్‌ని పాతదానికి వెనక్కి తిప్పండి (రోల్ బ్యాక్), లేదా తీసేసి కంపెనీ సైట్‌లో మీ సీరియల్ నంబరుకి ఇచ్చిన డ్రైవర్ వేయండి.

తెర మిణుకుమిణుకుమంటుంటే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. మిగతావన్నీ ఊగుతూ అదొక్కటి నిలకడగా ఉంటే ఏదో యాప్ గోల. అదీ ఊగుతుంటే డ్రైవర్ సంగతి.

రెంటిలోనూ ఏమీ రాకపోతే

ముందు వైరు, టీవీ బాగున్నాయో లేదో వేరే ల్యాప్‌టాప్‌తోనో, డిష్ బాక్స్‌ని కాసేపు అదే వైరుతో పెట్టో చూసుకోండి. అవి బాగుంటే తర్వాతి అనుమానం ర్యామ్. సముద్రం దగ్గర్లో ఉన్న ఊళ్లలో, కళింగపట్నం, భావనపాడు వైపు, ఉప్పుగాలికి లోహపు అంచులు త్వరగా మసకబడతాయి. మీది వారంటీలో ఉంటే విప్పొద్దు, అక్కడితో ఆపి సర్వీసుకి ఇవ్వండి. వారంటీ అయిపోయి, మీకు స్క్రూడ్రైవర్ అలవాటుంటేనే ముందుకెళ్లండి. ఛార్జర్ తీసేసి, వెనక మూత విప్పి, మొట్టమొదట బ్యాటరీ కనెక్టర్ ఊడదీయండి. ఏదైనా ఇనుప వస్తువుని ఒకసారి తాకి మీ ఒంట్లో స్టాటిక్ పోగొట్టుకోండి. ర్యామ్‌కి రెండు పక్కలా ఉన్న చిన్న క్లిప్పుల్ని బయటికి జరిపితే అది దానంతట అదే ఏటవాలుగా పైకి లేస్తుంది. బయటికి లాగి, బంగారు రంగు అంచుని మెత్తటి పెన్సిల్ రబ్బరుతో తేలిగ్గా తుడిచి, రబ్బరు పొడి మొత్తం ఊదేసి, అదే ఏటవాలులో పూర్తిగా లోపలికి తోసి కిందికి నొక్కండి, క్లిక్‌మని చప్పుడు రావాలి. రెండు ముక్కలుంటే ఒక్కొక్కటి పెట్టి చూడండి. ర్యామ్ కదిపాక మొదటిసారి ఆన్ చేసినప్పుడు నిమిషం, కొన్నింట్లో ఇంకా ఎక్కువసేపు, నల్లగానే ఉండొచ్చు, తొందరపడి ఆపేయకండి. చాలా పలచటి ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, వాటితో మనం చేయగలిగేది ఏమీ లేదు.

ల్యాప్‌టాప్ బాగుంది, టీవీయే రావట్లేదు

ఇది సులువు. వైరు మార్చండి, టీవీలో వేరే రంధ్రం వాడండి. పది మీటర్ల చవక వైరులో మెరుపులు, చుక్కలు వస్తుంటే మీటరున్నర వైరుతో చూడండి. డివైస్ మేనేజర్‌లో మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అని కనబడితే అసలు డ్రైవర్ పడలేదు, అది పడేదాకా రెండో స్క్రీన్ ఆశ వదులుకోండి. 4కే టీవీ మీద మౌస్ బద్ధకంగా జరుగుతుంటే పాత హెచ్‌డీఎంఐ 1.4 కారణం కావచ్చు. అది 4కే బొమ్మని సెకనుకి 30 సార్లే పంపగలదు, సెట్టింగ్స్‌లో రిజల్యూషన్ 1920 బై 1080కి దించితే 60కి వెళ్తుంది. అంచులు తెగిపోయి టాస్క్‌బార్ కనబడకపోతే తప్పు ల్యాప్‌టాప్‌ది కాదు, టీవీ పిక్చర్ సైజులో స్క్రీన్ ఫిట్ లేదా జస్ట్ స్కాన్ అన్నది పెట్టండి. శబ్దం టీవీలోంచి వస్తుంటే కింద స్పీకర్ గుర్తు నొక్కి మార్చుకోవచ్చు.

షాపులో మాట్లాడేటప్పుడు

స్క్రీన్ రావట్లేదు అని మాత్రమే చెప్పకండి. "టీవీకి పెడితే బొమ్మ శుభ్రంగా వస్తోంది, మూత కదిపితే వచ్చి పోతోంది, ముందు కేబుల్ చూడండి" అని చెప్పండి. ఆ ఒక్క వాక్యంతో మాట తీరే మారిపోతుంది. మీ ముందే విప్పమని అడగండి, కాదంటే బలవంతం వద్దు, విప్పాక కేబుల్‌కి ఫొటో తీసి పంపమనండి. ప్యానెల్ నిజంగానే మార్చాల్సి వస్తే పాతదాని వెనక స్టిక్కర్ మీద నంబరు ఉంటుంది, 15.6 అంగుళాల వాటిలో చాలావాటికి బీ156 అనో ఎన్156 అనో మొదలవుతుంది, దాన్ని ఫొటో తీసుకోండి. 15.6 అంగుళాలు అన్నది ఒక్కటే సరిపోదు. 1366 బై 768నా, 1920 బై 1080నా, కనెక్టర్ 30 పిన్నులా 40 పిన్నులా అన్నవి కూడా కలవాలి, లేకపోతే కొత్త ప్యానెల్ వెలగకపోవచ్చు. పాత ప్యానెల్, పాత కేబుల్ రెండూ వెనక్కి అడిగి తీసుకోండి. డబ్బులిచ్చే ముందు అక్కడే కౌంటర్ మీద మూతను పదిసార్లు పూర్తిగా తెరిచి మూసి చూడండి, బయోస్‌లోకి ఒకసారి వెళ్లి చూడండి.

విడిభాగం వైజాగ్ నుంచి రావాలి, వారం పడుతుంది అంటే ఆ వారం పని ఆగక్కర్లేదు. ల్యాప్‌టాప్‌ని అక్కడ వదిలేయకుండా ఇంటికి తెచ్చుకుని టీవీతో నడపండి. కంట్రోల్ ప్యానెల్ పవర్ ఆప్షన్స్‌లో మూత మూస్తే ఏమీ చేయొద్దు అన్నది పెట్టుకుంటే మూత మూసినా నిద్రపోదు, యూఎస్‌బీ కీబోర్డు, మౌస్ ఉంటే చాలు. వేడి పోయే రంధ్రాలు మూసుకోకుండా చెక్క బల్ల మీదే పెట్టండి, పరుపు మీద వద్దు. మా మేనకోడలు ఆ ఆదివారమంతా హాల్లో చాప మీద కూర్చుని టీవీలో ప్రాజెక్టు పూర్తి చేసింది, వాళ్ల నాన్న ఆ పూటకి వార్తలు ఫోన్లో చూసుకున్నారు. రివ్యూ అయ్యాక ల్యాప్‌టాప్ ఇచ్చాం, కేబుల్ ఒక్కటే మార్చారు, ఇప్పటికీ పాత స్క్రీన్‌తోనే నడుస్తోంది.